తెల్ల మూత సీసాలు

మా అత్తయ్య కాచిన నూనెకి జుట్టు మొలుస్తుందా అని ఇప్పటికీ ఎవరో ఒకరు నన్ను పక్కకి పిలిచి అడుగుతుంటారు. మొలుస్తుందనే చెబుతాను. అబద్ధమాడాల్సిన అవసరం నాకు లేదు, కళ్లారా చూశాను. మొలవాల్సిన చోటా మొలిచింది, మొలవకూడని చోటా మొలిచింది. ఆ రెండో మాట మాత్రం ఎవరి చెవికీ ఎక్కదు. తల పల్చబడుతున్నవాళ్లకి తమకి కావలసిన సగమే వినపడుతుంది, పాపం.

ఆ యేడు వానలు ముందుగా పట్టుకున్నాయి, వెనక కూడా ఓ పట్టాన వదల్లేదు. వానాకాలం మా ఇంటికి పంటకాలం. గాలిలో చెమ్మ పెరిగితే దువ్వెన నిండా జుట్టు వస్తుందని జనానికి ఒక నమ్మకం. తెల్లవారేసరికి మా గేటు ముందు గొడుగులు నిలబడేవి. గొడుగుల కింద టోపీలు, టోపీల కింద ఏముందో అందరికీ తెలిసిన రహస్యమే.

ఇంటి వెనక రేకుల షెడ్డు. అందులో ఓ మూల పెద్ద బాణలి, ఇంకో మూల మిల్లు నుంచి మా ఆయన వ్యానులో తెచ్చే నూనె డ్రమ్ము. డ్రమ్ములోంచి నూనె తోడి బాణలిలో పోసి, ఆకులు, వేళ్లు, మెంతులు, ఎండిన మందార పూలు వేసి అత్తయ్య సన్నటి సెగ మీద కాచేది. గరిటె ఇంకొకరి చేతికి ఇచ్చేది కాదు. "ఆకులదేముందే, అంతా నా చేతి చలవ" అనేది. మామయ్య పోయాక మంచం దిగని మనిషి, ఆ గరిటె పట్టుకున్నాకే మళ్లీ నలుగురిలోకి వచ్చింది. అందుకని ఆ బాణలి వైపు ఎవరూ వేలెత్తి చూపేవాళ్లం కాదు.

నన్ను ఆవిడ ముద్దుగా 'అనుమానాల పుట్ట' అని పిలిచేది. పెళ్లికి ముందు నేను రంగుల ఫ్యాక్టరీలో పరీక్ష గదిలో పనిచేశాను. ఒకే గోడకి సగం పాత రంగు, సగం కొత్త రంగు వేసి, ఏది ఎటో తెలియని మనిషిని పిలిచి చూపించేవాళ్లం. తెలిసినవాడి కన్ను తనకి కావలసిందే చూస్తుంది. ఆ గదిలో నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క ముక్క. అది పట్టుకుని అత్తగారింట్లో అన్నిటికీ వంకలు పెడుతుంటే ఆవిడ ఆ పేరు పెట్టడంలో తప్పేముంది?

షెడ్డులో ఒక చారల పిల్లి ఉండేది. డ్రమ్ము కుళాయి కింద కారిన నూనె నాకడం దానికి అలవాటు. వానల మొదట్లో ఒక పొద్దున్న డ్రమ్ము వెనక పడి ఉంది. మొహం ఉబ్బిపోయింది. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి కోసం కొట్టుకుంటోంది. మధ్యాహ్నానికి పోయింది.

"ఎక్కడో ఎలకల మందు తినొచ్చుంటుంది, పిచ్చిది" అంది అత్తయ్య.

మా ఆయన దాన్ని గోనెసంచిలో చుట్టి తీసుకెళ్లాడు. తిరిగొచ్చి, ఎవరూ చెప్పకుండానే డ్రమ్ము కింద ఇసక పోసి నేలంతా గీకి ఎత్తాడు. మామూలుగా తాగిన గ్లాసు తీసి పక్కన పెట్టని మనిషి. శుభ్రం ఎప్పుడబ్బిందో అనుకుని నవ్వుకున్నాను. కొన్నాళ్లకి ఇంకో పిల్లి వచ్చింది, నల్లది. అదీ నిలవలేదు.

ఆ రోజుల్లోనే, మా నూనె తమ దగ్గర అమ్మకానికి పెట్టే మాట మీద ఒక పెద్ద దుకాణం నుంచి ఒకాయన వచ్చాడు. సీసాలు చూశాడు, బాణలి చూశాడు, గేటు ముందు గొడుగులు చూశాడు. మర్యాదస్తుడే గానీ మాట మాత్రం కత్తిలా ఉంది.

"నూనె వాడాక జుట్టు రాలడం ఆగిందని పదిమంది చెబితే చాలదండీ. వానలు తగ్గితే ఎవరికైనా రాలడం ఆగుతుంది. మీరు నూనె రాసినా, రాయకపోయినా. మీ ఆకుల వల్లే అని నాకు ఎవరైనా చూపించగలరా?"

అత్తయ్య మొహం జేవురించింది. "మా కోడలు చూపిస్తుంది" అని నన్ను ముందుకి తోసింది. "చదువుకున్న పిల్ల. ఇన్నాళ్లూ మా మీద వేసిన అనుమానాలన్నీ ఇప్పుడు పనికొస్తాయి. ఏమే, చూపిస్తావా లేదా?"

ఆవిడ నన్ను అంతమందిలో మెచ్చుకోవడం అదే మొదలు. చూపిస్తానని గట్టిగా చెప్పాను.

ఆ సాయంత్రమే షెడ్డులో సీసాలు సర్దాను. ఎర్ర మూత సీసాల్లో అత్తయ్య కాచిన నూనె. తెల్ల మూత సీసాల్లో ఉత్త నూనె. రంగు తేడా తెలియకుండా అందులో ఏదో కూరాకు వేసి వేడిచేశాను, వాసన తేడా రాకుండా అత్తయ్య చివర్న వేసే అత్తరు చుక్కలే ఇందులోనూ వేశాను. ఏ మూత సీసాలో ఏముందో నాకూ, పక్కన సాయం చేస్తున్న మా ఆయనకీ తప్ప ఎవరికీ తెలియదు.

నేను డ్రమ్ములోంచి ఉత్త నూనె తోడుతుంటే మా ఆయన అడ్డం వచ్చాడు. "దీంట్లోది ఎందుకు? బయట కొట్లోంచి వేరే డబ్బా తెస్తాను, ఉండు."

"వేరేది పనికిరాదండీ. ఆకులు తప్ప మిగతాదంతా ఒకటే అయ్యుండాలి. లేకపోతే తేడా వచ్చినప్పుడు అది ఆకులదో, కొట్టు నూనెదో ఎలా తెలుస్తుంది?"

"ఏ నూనైనా నూనేగా."

"మీ అమ్మగారి ముందు అనండి ఆ మాట" అని నవ్వాను. తను నవ్వలేదు. నేను తోడుతున్నంతసేపూ డ్రమ్ము మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. పరీక్ష పక్కాగా చేస్తున్నానని నా మనసు నిండా గర్వం. అలాంటప్పుడు మనిషి మొహం ఎక్కడ కనిపిస్తుంది?

తలలు చూసే పని సెలూన్ బాబాయిది. మా వీధి మలుపులో ఆయన సెలూన్. వరసకి బాబాయి కాడు, వీధి మొత్తానికీ బాబాయే. తలలు చూసి చూసి మొహాలు మర్చిపోయిన మనిషి. ఎవరైనా పలకరిస్తే "మొహం గుర్తు రావట్లేదు, ఒకసారి వెనక్కి తిరగండి" అనేవాడు. నడినెత్తి పల్చబడ్డవాళ్లని డజనుమందిని ఆయనే పోగుచేశాడు. సగంమందికి ఎర్ర మూత, సగంమందికి తెల్ల మూత. ఏది ఏమిటో ఆయనకి చెప్పలేదు.

"నాకెందుకమ్మాయీ చెప్పడం? మందు పనిచేస్తే తల చెప్తుంది. పనిచేయకపోతే వాళ్లావిడ చెప్తుంది" అన్నాడు.

అప్పటికి మా పాప పాకే వయసులో ఉంది. బోడిగుండుతో పుట్టింది. నెలలు గడిచినా నెత్తి మీద నూగు తప్ప ఏమీ రాలేదు. "నూనె కాచే ఇంట్లో గుండు పిల్లా!" అని వచ్చినవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. అత్తయ్యకి అది తలవంపులుగా ఉండేది. పొద్దున లేచింది మొదలు పాప ఆవిడ చంకలోనే. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో పాప. అదే చేత్తో నూనె ఉడికిందో లేదో వేళ్ల మధ్య పామి చూసేది, అదే చేత్తో పాప నెత్తి నిమిరేది, బుగ్గలు పుణికేది. నడుముకి చుట్టుకున్న తువ్వాలుకి చేతులు తుడుచుకుని, ఆ తువ్వాలుతోనే పాప మూతి తుడిచేది.

"పాపని షెడ్డులోకి తీసుకెళ్లకమ్మా. పొగ పడదు" అనేవాడు మా ఆయన.

"పొగకేమవుతుందిరా? నిన్ను పొయ్యి పక్కన పడుకోబెట్టే పెంచాను. దున్నలా ఉన్నావు."

తను పాపని ఆవిడ చేతుల్లోంచి తీసుకునేవాడు. ఆవిడ మళ్లీ లాక్కునేది. నానమ్మ ప్రేమ ముందు నాన్న మాట చెల్లుతుందా అని నేను మురిసిపోయేదాన్ని.

వానలు జోరందుకునే వేళకి పాప నెత్తి నల్లబడింది. ముట్టుకుంటే పట్టులా ఉండేది. అత్తయ్య సంబరం ఇంతా అంతా కాదు. గేటు దగ్గరికి ఎత్తుకెళ్లి, టోపీ తీసి అందరికీ చూపించేది. "చూడండి, నా బంగారుకొండ! ఎగతాళి చేసినవాళ్లు ఇప్పుడు రండి." ఆ రోజు నుంచి గొడుగుల వరస మలుపు దాకా పెరిగింది.

తర్వాత నుదుటి మీద వచ్చింది. కనుబొమలకీ నెత్తికీ మధ్య సన్నటి నూగు, రోజురోజుకీ ముదురుతూ. చిన్నపిల్లలకి అలా ఉంటుంది, రాలిపోతుంది అన్నారు. తర్వాత చెంపల మీద, చెవుల అంచుల మీద, మెడ వెనక. స్నానం చేయిస్తూ వీపు మీద చెయ్యి వేస్తే తడి జుట్టు వేళ్లకి తగిలింది. నా ఒళ్లు జలదరించింది. కన్నబిడ్డ ఒళ్లు ముట్టుకుంటే జలదరించిందే అని ఏడుపొచ్చింది.

"అత్తయ్యా, ఇది సరిగ్గా లేదు" అన్నాను పాపని చూపిస్తూ.

"మీ పుట్టింట్లో ఎవరికో ఉండుంటుంది. నలుగు పెడితే పోతుంది. మొలవలేదని ఏడ్చావు, మొలిస్తే ఏడుస్తావు. నీతో ఎలా వేగడమే!" అని పాపని నా చేతిలోంచి తీసుకుంది. ఆవిడ చేతుల నూనె నా ముంజేతికి అంటుకుంది, తుడిచేసుకున్నాను.

ఆ వారంలోనే సెలూన్ బాబాయి కబురంపాడు. వెళ్లేసరికి కుర్చీలో ఒక టీచరమ్మ కూర్చుని ఉంది. ఆవిడ సీసా తెల్ల మూతది. బాబాయి దువ్వెనతో పాపిడి తీసి చూపించాడు. మొన్నటిదాకా నున్నగా మెరిసిన చోట పొట్టి వెంట్రుకలు గుంపుగా లేచి ఉన్నాయి.

"అందరివీ చూశానమ్మాయీ. ఎర్ర మూతా ఒకటే, తెల్ల మూతా ఒకటే. అందరికీ మొలుస్తున్నాయి. మీ అత్తగారి నూనె బ్రహ్మాండం. రెండింట్లో ఏది ఎక్కువని అడిగితే మాత్రం నా వల్ల కాదు."

టీచరమ్మ నా చేతులు పట్టుకుంది. "అద్దంలో చూసుకుని ఎన్నాళ్లయిందో తెలుసా" అంది. ఆవిడ కళ్లలో నీళ్లు. నేను నవ్వాలి కాబట్టి నవ్వాను.

వానలో నడుస్తూ ఇంటికొచ్చాను. ఉత్త నూనెకి జుట్టు ఎలా మొలుస్తుంది? రోజూ మర్దనా చేస్తున్నారు, దానివల్ల అనుకుందామంటే, మర్దనాకే మొలిచేటట్లయితే లోకంలో బట్టతలలే ఉండవు. ఆకులున్న సీసా, ఆకుల్లేని సీసా ఒకటే పని చేస్తున్నాయంటే పని చేసేది ఆకులు కావు. రెండు సీసాల్లోనూ ఉన్నది ఇంకేదో. ఆ ఆలోచన అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. ముందుకి తోయడానికి నాకు ధైర్యం చాలలేదు.

మా ఆయనతో చెప్పాను. వ్యాను కడుగుతున్నవాడు తల ఎత్తలేదు.

"మర్దనా వల్లేమో" అన్నాడు.

"అత్తయ్యకి ఏమని చెప్పమంటారు?"

"ఏమీ చెప్పకు. అమ్మ సంతోషంగా ఉందిగా. నీ పరీక్ష కోసం ఆవిడని మళ్లీ మంచం ఎక్కించకు."

పాప ఆటలు మానేసింది. పాకుతూ పాకుతూ మధ్యలో తల నేలకి ఆనించి పడుకునేది. పొద్దున్నే కళ్లు ఉబ్బి, రెప్పలు విడేవి కావు. ఒకరోజు పాలు తాగుతూ తాగుతూ వదిలేసి రొప్పింది. గుండె మీద అరచెయ్యి వేశాను. చేతిలో పిట్టని పట్టుకున్నట్టుంది. అంత వేగం మనిషి గుండెకి ఉంటుందా? చారల పిల్లి డొక్కలు గుర్తొచ్చి చెప్పులు కూడా వేసుకోకుండా ఆసుపత్రికి పరిగెత్తాను.

పిల్లల డాక్టరు పెద్దావిడ. పాప నుదురు చూసింది, వీపు చూసింది, గుండె చాలాసేపు వింది. అప్పుడు అడిగింది.

"ఇంట్లో ఎవరైనా జుట్టు మొలవడానికి మందు వాడుతున్నారా?"

"లేదండీ. మాది ఆకుల నూనె. మా అత్తగారు ఇంట్లోనే కాస్తారు. పాపని ఎత్తుకుంటారు, అంతే."

"ఆకులకి గుండె ఇలా కొట్టుకోదమ్మా" అంది ఆవిడ. "బట్టతలకి మేం రాసే మందొకటి ఉంది. అసలు రక్తపోటు తగ్గించడానికి కనిపెట్టారు. పెద్దవాళ్లకే కొలిచి ఇస్తాం. రోజూ పసిపిల్ల ఒంటికి తగిలితే ఇదిగో ఇలాగే అవుతుంది. ఒళ్లంతా జుట్టు, ఒంట్లో నీరు, గుండె దడ. పిల్లులకైతే నాకినంత చాలు, చచ్చిపోతాయి. ఆ నూనెలో ఏముందో కనుక్కోండి. అప్పటిదాకా పిల్ల ఇక్కడే ఉంటుంది."

మా ఆయన వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. వానకి వరండా సగం తడిసింది. పక్కన కూర్చున్నాను. డాక్టరు అన్న మాటలు అన్నట్టుగానే చెప్పాను. తనని అనుమానిస్తున్నానని గానీ, డ్రమ్ము సంగతి గానీ నేను ఎత్తలేదు.

తను చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వింటూ కూర్చున్నాడు. చివర్న "అమ్మకి తెలీదు" అన్నాడు.

అంతే. నేను లేచి లోపలికి వెళ్లి పాప పక్కన కూర్చున్నాను.

మిగతాదంతా ఆ తర్వాత, అడక్కుండానే, ముక్కలుముక్కలుగా చెప్పాడు. నూనె మొదలుపెట్టిన కొత్తలో ఒక పెద్దమనిషి వాడిన సీసా తెచ్చి, పదిమందిలో అత్తయ్య ముందు ఒంపి, "ఇది తలకి కాదు, తలుపు బందులకి పోసుకోండి" అన్నాడట. ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టలేదట. స్నేహితుడి మందుల కొట్టు నుంచి తను ఆ మందు మొదటి సీసా తెచ్చింది అప్పుడేనట. బాణలి దగ్గర అమ్మ ఉంటుంది, అందుకని డ్రమ్ములో కలపడం. పాపకి నుదుటి మీద మొలవడం చూసి భయపడ్డాడట. కలిపేది తగ్గించాడట.

"తగ్గించారా?" అన్నాను.

"పూర్తిగా మానేస్తే ఉన్నది కూడా రాలిపోతుందట, ఆ కొట్టువాడు చెప్పాడు. జనం మళ్లీ అమ్మ మీద పడతారు."

ఇటు పాప, అటు అమ్మ. మధ్యలో నిలబడి తగ్గించాడు! నాకు తన మీద అసహ్యం వేసింది. జాలి కూడా వేసింది. అసహ్యమే నయం, దానితో ఏం చెయ్యాలో తెలుస్తుంది.

పాప బట్టల కోసం ఇంటికి వెళ్లాను. అత్తయ్య షెడ్డులోనే ఉంది. పాపకి ఒంట్లో బాగోలేదంటే దిగులుకి నిలవలేక ఎడాపెడా కాచేస్తోంది. నన్ను చూడగానే "ఎలా ఉందే నా బంగారం?" అని చెయ్యి చాచింది. నేను వెనక్కి జరిగాను. ఆ జరగడం ఆవిడ చూసింది.

అంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆవిడ బాణలిలో గరిటె తిప్పుతూనే ఉంది. కొడుకుని తిట్టలేదు. నేను చెప్పేది అబద్ధమనలేదు. అంతా అయ్యాక చాలా మెల్లిగా అడిగింది.

"నీ తెల్ల మూతవాళ్లకీ మొలిచిందా?"

"మొలిచిందత్తయ్యా."

"నా ఆకులవాళ్ల కన్నా తక్కువే కదా?"

"లేదండీ. ఒకటే."

గరిటె అప్పుడు ఆగింది. "అయితే ఆకులు ఊరికే ఉడికాయన్నమాట" అంది.

పొయ్యి ఆర్పి, ఉన్న నూనెంతా, డ్రమ్ముతో సహా, తన చేత్తోనే కాలువలోకి వంచేసింది. వాన నీళ్ల మీద పచ్చటి తెట్టు కట్టుకుని మలుపు దాకా పోయింది. ఆసుపత్రికి వచ్చి కూడా గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. పాప చూసి చేతులు చాచినా లోపలికి రాలేదు, మొహం తిప్పుకుని నిలబడి ఏడ్చింది. ఆవిడ ఏడుపు చూసి నాలో ఉన్న కోపం సగం కరిగింది.

పాప కోలుకుంది. ముందు వాపు పోయింది, గుండె నెమ్మదించింది. చెంపల మీది నూగు మెల్లిగా రాలడం మొదలైంది. ఇంటికి తెచ్చాం. అత్తయ్య కొత్త డ్రమ్ము తెప్పించి, దాని పక్కన స్టూలు వేసుకుని కాపలా కూర్చుని, ఒట్టి ఆకుల నూనె కాచింది. "పనిచేస్తే చేస్తుంది, లేకపోతే లేదు. మోసం మాత్రం లేదు" అనేది. పాపని ఇంటికి పంపుతూ డాక్టరు అమ్మకాలు ఆపమందని గుర్తుచేస్తే, "ఆకులకి గుండె కొట్టుకోదని ఆవిడే అందిగా" అంది. నిజమే కదా అనుకున్నాను. నూనె చేతులతోనే పాపని ఎత్తుకుని, నాకేసి భయంభయంగా చూసేది. ఎత్తుకోనిచ్చాను. ఆ మాత్రం నమ్మకపోతే ఒక ఇంట్లో ఎలా ఉంటాం?

ఆ తర్వాత రాలడం మొదలైంది.

ఒక్కరికి కాదు, అందరికీ. కొత్తగా మొలిచినవి ముందు పోయాయి. వాటి వెనకే పాతవి కూడా. "సెలూన్ ఊడవలేక చస్తున్నానమ్మాయీ" అన్నాడు బాబాయి. ఈసారి నవ్వించడానికి అనలేదు. గేటు ముందు మళ్లీ గొడుగులు, కానీ మాటలు వేరు. టోపీలు తీసి చూపించేవాళ్లు, అరిచేవాళ్లు, సీసాలు గోడకి కొట్టేవాళ్లు. అత్తయ్య గుమ్మంలో నిలబడి "వానలు కదమ్మా, వానలు" అని ఎవరికి వాళ్లకి చెప్పేది. ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామని నేనంటే, "చెప్పి నా కొడుకుని జైల్లో పెట్టించమంటావా?" అంది.

ఒక మధ్యాహ్నం టీచరమ్మ వచ్చింది. అరవలేదు. చేతిరుమాలు విప్పి, అందులో చుట్టి తెచ్చిన జుట్టంతా అత్తయ్య ముందు గట్టు మీద పెట్టింది.

"మొదట్నించీ లేకపోతే అలవాటు పడిపోయేదాన్ని. ఇచ్చి ఎందుకు తీసుకున్నారు?" అని అడిగింది.

ఆవిడ వెళ్లిపోయాక కూడా అత్తయ్య ఆ జుట్టు వైపే చూస్తూ కూర్చుంది. అన్నానికి లేవలేదు. మర్నాడూ లేవలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. మామయ్య పోయినప్పుడు ఎలా పడుకుందో అలాగేనని మా ఆయన నాతో అన్నాడు. మంచం పక్కన కూర్చుని అన్నం కలిపి బతిమాలాడు. నేను అటు వెళితే ఇద్దరూ మాట ఆపేశారు. తల్లీకొడుకులకి సవాలక్ష ఉంటాయి, నాకెందుకని వచ్చేశాను.

మూడో రోజుకి అత్తయ్య లేచింది. తల దువ్వుకుంది. పొయ్యి వెలిగించింది. డ్రమ్ము పక్కన స్టూలు మాత్రం తీసేసింది. గేటు దగ్గరికి వెళ్లి, అరుస్తున్నవాళ్లతో నిదానంగా, మునపటి గొంతుతో చెప్పింది. "పాత కాపులో ఏదో తేడా వచ్చింది. ఇది కొత్త కాపు, వాడి చూడండి. రాకపోతే నన్నడగండి."

ఆ గొంతులోని ధైర్యం విని, మనిషి కోలుకుందని నేను సంతోషించాను. మా ఆయన నా వైపు చూడలేదు. ఆ రోజే కాదు, ఆ వారమంతా చూడలేదు.

ఒక పొద్దున్న తుంపర పడుతోంది. పాపని చంకనేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. చెంపలు దాదాపు నున్నబడ్డాయి, నవ్వుతోంది. అత్తయ్య షెడ్డులోంచి వచ్చింది. నానమ్మని చూడగానే పాప కాళ్లు ఆడించింది. ఆవిడ మాత్రం తిన్నగా మా దగ్గరికి రాలేదు. పెరట్లో పంపు దగ్గర ఆగింది. బట్టలసబ్బు తీసుకుని చేతులు రుద్దుకుంది. వేళ్ల సందులు, గోళ్ల కింద, మోచేతుల దాకా. కడిగి, మళ్లీ రుద్దింది. నడుముకున్న తువ్వాలు విప్పి తీగె మీద పడేసి, ఉతికిన వేరే తువ్వాలుతో చేతులు తుడుచుకుంది.

ఆకుల నూనె అంటిన చేతిని ఆవిడ జన్మలో సబ్బుతో కడిగింది లేదు. చలవంతా పోతుందనేది.

ఇన్నాళ్లూ మా ఆయన చేసింది ఆవిడకి తెలియకుండా జరిగిందనే ఒక్క ఊతం ఉండేది నాకు. అది పట్టుకునే ఆ ఇంట్లో ఉన్నాను.

అత్తయ్య దగ్గరికి వచ్చి, ఎర్రబడ్డ చేతులు రెండూ చాచింది.

"ఇయ్యవే."

"చేతులెందుకు కడుక్కున్నారత్తయ్యా?"

ఆవిడ ఒక్క క్షణం తడబడింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వులో మోసం లేదు, ప్రేమే ఉంది. అందుకే నాకు అంత భయం వేసింది.

"శుభ్రంగా కడుక్కున్నాగా. ఇంకేం భయం?" అంది.

గేటు అవతల ఎవరో పిలుస్తున్నారు. పాప కిలకిలా నవ్వుతూ నానమ్మ మీదికి దూకబోయింది. నేను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. పాప ఏడుపు అందుకుంది. ఆవిడ చేతులు చాచి అలాగే నిలబడి ఉంది, నేను ఇవ్వలేదు.